ఆరేసిన కాపురం

రెండు గదులు ఎక్కువ కట్టి కిరాయికిద్దామనుకునేవాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. పల్లెటూరి బళ్ళో ఏడు దాకా చదివినవాణ్ణి, నాకు తెలిసిన సలహా ఒక్కటే: కిరాయిదారు వేసిన తాళం ఇంటివాళ్ళది కాదు. అది నాకు నేర్పింది మారేడ్‌పల్లి రోసమ్మ గారు.

పోలీస్ యాక్షన్ నాటికి ఆమె ఆవరణలో నాలుగు కిరాయి గదులుండేవి. ఒకదాంట్లో నేను. ఎదుటి గదిలో దర్జీ జాన్ సాహెబ్, భార్య ఖమర్ బీ, ఇద్దరు పిల్లలు. నైజాం మీదికి ఢిల్లీ సైన్యం వస్తోందనగానే పుకార్లకు రెక్కలొచ్చాయి. జాన్ సాహెబ్ కుట్టుమిషన్ లోపలే వదిలి, పిల్లల్ని ఎత్తుకుని, తలుపుకు తాళం వేశాడు.

"ఖాళీ చేస్తలేనమ్మా. జెర నిమ్మళమైనంక వస్త," అన్నాడు.

"పోయి రా నాయనా. నీ గది నీదే," అందామె.

ఆ తొందరలో దండెం మీది లుంగీ మరిచిపోయాడు.

కొన్నాళ్ళకు బ్రహ్మచారి అనే సర్కారు గుమాస్తా మా వీధికి దిగాడు. తాళం పడ్డ గదుల్ని ఖాళీ అని రాసుకుపోవడం అతని పని. రాశాడా, ఆ గది జిల్లాల నుంచి తరలివచ్చిన ఇంకెవరికో పోతుంది. జాన్ సాహెబ్ మిషన్‌తో సహా బజార్న పడతాడు. రోసమ్మ గారా, అబద్ధమాడదు. ఇల్లు చూడవచ్చినవాళ్ళకు కప్పు ఎక్కడ కారుతుందో ముందే చూపించే మనిషి. గుమాస్తా పక్కింట్లో ఉండగానే ఆమె లేచి, లుంగీ తడిపి ఆరేసింది.

"లోపల ఎవరున్నరమ్మా?" అన్నాడు బ్రహ్మచారి.

ఆమె దండెం చూపింది. "అదేందయ్యా?"

"లుంగీ."

"పొడిగున్నదా, తడిగున్నదా?"

పట్టుకు చూశాడు. "తడిగున్నది."

"నీ కండ్లతోని చూసింది రాసుకో మరి. నన్నెందుకడుగుతవ్?"

అది మొదలు రోజూ అదే పని. నలభై రోజులు! ఒంటిమీద పడకుండా అన్ని ఉతుకులు తిన్న లుంగీ నైజాం రాజ్యంలో మరోటి లేదు. ముందు గళ్ళు పోయాయి, తర్వాత రంగు. చివరికి దాని వెనక నిలబడితే బేగంపేటలో దిగే విమానం చక్రాలు కనిపించేవి. నమ్మకపోతే మానండి, లెక్కపెట్టింది నేనే.

"అమ్మా, రెండింతల కిరాయి ఇచ్చెటోళ్ళు గేటుకాడ నిలబడ్డరు," అన్నాను ఒకరోజు.

"నిలబడనీ. గేటు గట్టిగనే ఉన్నది."

బ్రహ్మచారి మళ్ళీ వచ్చాడు. లుంగీని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పైకెత్తి పట్టి, అందులోంచి మమ్మల్ని చూశాడు. 

"అమ్మా," అన్నాడు మెల్లగా. "రేపు పెద్దసారు వస్తుండు. ఒక్క లుంగీతోని కాపురం నడుస్తదా? ఆడోళ్ళయి, పిల్లలయి సుత ఆరెయ్యున్రి."

ఎన్నాళ్ళ నుంచి తెలుసో ఆ మహానుభావుడికి!

తెల్లారేసరికి ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి ఓణీలు, కుర్తాలు, గౌన్లు వచ్చి పడ్డాయి. దండెం నేలను తాకింది. పెద్దసారు గేటు దగ్గరే ఆగి, "అబ్బో, జనం బాగనే ఉన్నరు," అని వెనక్కి తిరిగాడు.

ఆ బట్టలింకా ఆరనేలేదు, గేటు బయట జాన్ సాహెబ్! వెనక ఖమర్ బీ, పిల్లలు. దండెం నిండా పరాయి సంసారం చూసి అతను అక్కడే ఆగిపోయాడు.

"అమ్మా, కొత్తగ వచ్చినోళ్ళని పరేషాన్ చెయ్య. నా మిషన్ ఒక్కటి ఇప్పిస్తే పోత," అన్నాడు.

"కొత్తోళ్ళెవరయ్యా? తాళంచెవి నీ కాడ ఉండంగ లోపలికి గాలి పోయిందా?"

అతను నడుం దగ్గర తడుముకుని తాళంచెవి తీశాడు. దాన్ని చూశాడు, తాళాన్ని చూశాడు, ఆమెను చూశాడు. మెట్లెక్కి తలుపు ముందు నిలబడ్డాడు.

తాళం తీసేముందు, తన గది తలుపు తనే మెల్లగా తట్టాడు.