తెగని నరానికి మందు

తెగిన నరాన్ని అతికించే మందు కనిపెట్టానని పరిశోధనాలయం పెద్ద ఊరంతా చాటుకుంటున్న రోజుల్లో ఆయన మరదలు అక్కడ ఉద్యోగంలో చేరింది. బయటివాళ్లయితే వంకలు పెడతారని ఆయనే ఏరికోరి తీసుకున్నాడు. "ఇంట్లో బావని, ఇక్కడ సార్‌ని. రెండూ కలిపెయ్యకు," అన్నాడు.

గాజు పళ్లెంలోని సన్నని కాలువల్లో నాడీకణాల పోగులు పెరుగుతాయి. కనబడడానికి వాటికి మెరిసే రంగు ఎక్కిస్తారు. లేజరుతో పోగును తెంచి, మందు చుక్క వేసి, మైక్రోస్కోపులో చూస్తూ కూర్చోవాలి. లేజరు తగిలిన చోట నల్లటి ఖాళీ పడేది. కాసేపటికి అది మళ్లీ మెరిసేది. సార్ మెడలో ఇంకో పతకం పడేది.

ఆమెకు అనుమానం వచ్చింది. మందు మానేసి ఉప్పునీటి చుక్క వేసింది. అప్పుడూ అతుక్కుంది. మామూలు వెలుతురులో చూస్తే పోగు చెక్కుచెదరలేదు. లేజరు రంగును చెరుపుతోందే తప్ప నరాన్ని తెంచడం లేదు. పక్కనున్న రంగు మెల్లగా పాకి ఖాళీని నింపుతోంది.

తలుపు వేసి చెప్పింది. "సార్, పోగు అసలు తెగట్లేదు."

"అతుక్కుంటోందిగా?"

"తెగంది అతుక్కోడమేంటి?"

ఆయన ఆలోచించాడు. మొహం విప్పారింది. "అంటే మన మందుంటే లేజరు కూడా ఏం చెయ్యలేదన్నమాట."

"ఉప్పునీళ్లున్నా ఏం చెయ్యట్లేదు బావా."

"సార్," అని సరిదిద్దాడు.

మరుసటి వారం పరాయి శాస్త్రజ్ఞుల ముందు ప్రదర్శన. లేజరు జోరు పెంచుతానంది. ఆయన అద్దంలో జుట్టు సర్దుకుంటూ, "నీ ఇష్టం, అందరికీ కనబడాలంతే," అన్నాడు.

కనబడింది. పోగు నిజంగానే తెగింది. మందు వేశారు. తెగిన కొస ముడుచుకుని ఉండలా మారింది. అతిథులు కాఫీ తాగి వచ్చారు. అది అలాగే ఉంది.

"కొత్త మనిషి కదా, ఇంకా హస్తవాసి కుదరలేదు," అన్నాడాయన.

"మరి మీరు వేసి చూపించండి," అన్నాడు ఒక ముసలి శాస్త్రజ్ఞుడు.

ఆయన వేశాడు. నరం ఆయన పదవిని లెక్కచెయ్యలేదు.

ఇంటికెళ్లేసరికి అక్క గుమ్మంలోనే నిలదీసింది. "చూసీ చూడనట్టు ఊరుకుంటే నీ సొమ్మేం పోయేదే?"

"పడిపోయిన చేతులకీ కాళ్లకీ ఎక్కిస్తారే ఆ మందుని," అంది చెల్లెలు. అక్క గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

మందు గురించి అచ్చేసిన వ్యాసాన్ని ఆయన వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ప్రస్తుతం పరికరాలను ఎలా అనుమానించాలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తున్నాడు. చప్పట్లు బాగానే పడుతున్నాయట.