రషీదా జాగా

మొగుడు జట్కా ఖాసిం కలరాతో పోయి నలభయ్యోనాటి ఫాతిహా అయిందో లేదో, అలీ సాహెబ్ వచ్చి రషీదా గడప ముందు నిలబడ్డాడు. మాచర్లలో ఆ వీధికి ఆయనే పెద్ద. రషీదా ఉండే గదీ ఆయనదే.

"అమ్మాయ్, నీ బాగు కోరే చెబుతున్నా. మగదిక్కు లేని ఇల్లు. ఎదిగిన ఆడపిల్లలు ఇద్దరు. వీధి నిండా కుర్రాళ్ళు. రేపు ఏదన్నా అయితే మా పరువేం గావాలి? ఈపూరులో మీ అన్న దగ్గరికి పో."

రషీదా కుట్టుమిషను తొక్కడం ఆపలేదు. "బుద్ధి వంకరైంది కుర్రాళ్ళదైతే వాళ్ళనే పంపించండి చాచా, ఈపూరికి."

ఆయన గడ్డం నిమురుకుని, నెల తిరిగేసరికి గదికి తాళం పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఖాసిం ఉన్నన్నాళ్ళూ ఇదే పెద్దమనిషి జట్కా ఎక్కి ఊరంతా తిరిగేవాడు. దిగేటప్పుడు దువా, దీవెన తప్ప ఇంకేమీ ఇచ్చేవాడు కాదు.

అన్న ఇంటికి పోతే వదిన మొహం చూసి ముద్ద మింగాలి. అందుకని రషీదా ప్లీడరు గుమాస్తా ఆనందరావు ఇంటికి వెళ్ళింది. ఆ ఇంట్లో ఒక వాటా ఖాళీగా ఉంది. ఆయన ఖద్దరు కడతాడు, మనుషులంతా ఒకటేనని మీటింగుల్లో గొంతు పోయేలా మాట్లాడతాడు. అడిగి చూద్దామనుకుంది.

"నాకేం పట్టింపు లేదు రషీదా," అన్నాడాయన పడక్కుర్చీలోంచి లేవకుండానే. "కాకపోతే బావి ఒక్కటే, వంటింటి గోడా ఒక్కటే. నీసు వాసన మా అమ్మకి పడదు. పైగా రోజులు చూస్తున్నావుగా. నైజాంలో రజాకార్ల గొడవలకి భయపడి జనం కృష్ణ దాటి వస్తున్నారు. సాయిబు మొహం కనపడితే వణికిపోతున్నారు పాపం. అర్థం చేసుకుంటావుగా?"

"చానా బాగా అర్థమైంది," అంది రషీదా.

తలుపు చాటున నిలబడ్డ ఆయన భార్య తొడుక్కున్నది రషీదా కుట్టిన జాకెట్టే. ఒంటి కొలతలు తీసుకోవడానికి పనికొచ్చిన చెయ్యి గోడ తాకడానికి పనికిరాదన్నమాట. తరవాత ఆ వాటాని ఏటి అవతలినుంచి వచ్చిన వాళ్ళకే రెట్టింపు అద్దెకిచ్చాడని తెలిసినప్పుడు ఆమెకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఇక మిగిలింది ఊరి బయట నాపరాళ్ళ గనుల పక్కనున్న బంజరు. అక్కడ రాళ్ళు కొట్టేవాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళల్లో రోశమ్మ మాటకు ఎదురు లేదు.

"మీవాళ్ళుండే చోటు కాదే ఇది," అంది రోశమ్మ.

"మావాళ్ళ చోటు చూసే వచ్చాలే."

"సరే, ఏసుకో. మా వరసలో మాత్రం కాదు. అదుగో, ఆ చివర."

రషీదాకు నవ్వొచ్చింది. రాళ్ళ దుమ్ము మింగి బతికేవాళ్ళకీ ఒక వరస, దానికో చివర! ఆ నవ్వు దాచుకుని, పిల్లలిద్దరితో కలిసి పనికిరాని రాతి పలకలు మోసుకొచ్చి నిలబెట్టింది. మట్టి మెత్తి, పైన బోదగడ్డి కప్పించింది. ఆ ఇంట్లో మిషను మొదటిసారి తొక్కిన రోజు, ఇక ఊళ్ళో ఎవడి మొహమూ చూడాల్సిన ఖర్మ లేదనుకుని తెగ మురిసిపోయింది.

మరుసటి ఎండాకాలం నాంచారి దిగింది. గాడిద మీద మూటలు, వెనక మొగుడు, అత్త, పెళ్ళికెదిగిన కూతురు, ఆ వెనక పందులు. రషీదా గోడ పక్కనే సామాను దించారు.

రోశమ్మ ఆడవాళ్ళని వెంటేసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎరుకలోళ్ళు అక్కా! చేతివాటం మనుషులు. నువ్వు ఊఁ అను, ఇప్పుడే తరిమేస్తాం."

అచ్చం ఆనందరావు గొంతే, కాస్త మోటుగా. రషీదాకు ఒళ్ళు మండింది. కానీ గోడ మొదట్లో పంది మూతి పెట్టి మట్టి పెళ్ళగిస్తుంటే రాయి తీసి దాన్ని అదిలించింది కూడా. కొంగు సర్దుకుని, పెద్ద మేలు చెయ్యబోతున్నదానిలా నడిచి వెళ్ళింది.

"చూడమ్మా, పందులు మాకు గిట్టవు. దొడ్డి ఆ గుంట అవతల పెట్టుకో. గుడిసె మాత్రం ఇక్కడే ఏసుకో, నాకేం అభ్యంతరం లేదు. వీళ్ళకి నేను చెప్పుకుంటాలే."

నాంచారి ఆమెను ఎగాదిగా చూసింది. తలుపులోంచి మిషనునీ, ఆడపిల్లలిద్దరినీ చూసింది.

"మగోడేడీ?"

"పోయాడు."

నాంచారి వక్కాకు పక్కకి ఉమ్మింది. "మగదిక్కు లేని సాయిబుల కొంప పక్కన మేముంటామా? మా కులపోళ్ళు ఇంటే నా బిడ్డని ఎవడు చేసుకుంటాడు? ఏయ్, మూటలెత్తండి! ఇంకో జాగా చూద్దాం."

గాడిద కదిలింది. రోశమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"పందులు మేపుకునేదానికి ఎంత పొగరే నీకు!" అని రషీదా గొంతు చించుకుని అరిచింది. లోపల పెద్దపిల్ల మిషను చక్రం ఆపి తల్లివైపు అదోలా చూసింది. "ఏందే చూస్తావు, పని చూడు," అని దాని మీదా విరుచుకుపడింది.

నాంచారి గుంట అవతల గుడిసె వేసుకుంది. సంతలో ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకునేవాళ్ళు. ప్రతిసారీ ముందు తిప్పుకునేది నాంచారే. రషీదాకు అరికాలి మంట నెత్తికెక్కేది అందుకే.