నాకున్న చిల్లు అబద్ధం

నేను ఒక ఇనుప టోపీని. యుద్ధంలో సిపాయిలు పెట్టుకునేదాన్ని. ఇప్పటి పెద్దమనుషులు హెల్మెట్ అంటారు, పండితులైతే శిరస్త్రాణం అంటారు. ఎలా పిలిచినా పలకను, నాకు నోరు లేదు. ఉండి ఉంటే ఈపాటికి కొందరిని నిలబెట్టి కడిగేసేదాన్ని. నాకు ఎడమవైపు చూపుడువేలు పట్టేంత చిల్లు ఒకటి ఉంది. దాన్ని చూసి మీరు "అయ్యో పాపం" అనబోతున్నారు. దయచేసి అనకండి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బెంగాలు వైపు ఎక్కడో ఒక ఉక్కు కర్మాగారంలో ఒక రేకును మరలో పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. బోర్లించిన బేసిను లాగా అంచు వెడల్పుగా తయారయ్యాను. లోపల తోలు, గడ్డం కింద బిగించడానికి ఒక పట్టీ, పైన బురద రంగు. వందలాది టోపీలతో కలిపి నన్ను గూడ్సు బండి ఎక్కించారు. తలలు పగలగొట్టే గుళ్ళు కూడా అదే బండిలో, పక్క పెట్టెలోనే వచ్చాయి. పగలగొట్టేదీ వాళ్ళే, కాపాడమనేదీ వాళ్ళే. మనుషుల తెలివి గురించి అప్పుడే నాకొక అభిప్రాయం ఏర్పడింది, అది ఇప్పటికీ మారలేదు.

నేను చేరింది గుబ్బల అబ్బులు నెత్తిమీదికి. తుని దాటాక లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఊరు అతనిది. బర్మా సరిహద్దు కొండల్లో పటాలానికి రోడ్లు వేసే పని అతనికి అప్పజెప్పారు. తుపాకి ఒకటి ఇచ్చారు గానీ, అతని చేతిలో ఎప్పుడూ పారే ఉండేది. "నెత్తిమీద తిరగలి పెట్టుకున్నట్టుందిరా బాబూ" అని రోజూ నన్ను తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే నాలో నీళ్ళు పోసుకుని గడ్డం గీసుకునేవాడు, కందిపప్పు నానబెట్టుకునేవాడు, వానొస్తే నన్నే బోర్లించుకుని కూర్చునేవాడు.

నలభై నాలుగులో ఒకనాడు కొండమీద ఫిరంగి గుండు పడింది. పైనుంచి రాళ్ళు దొర్లాయి. అందులో ఒకటి, గుమ్మడికాయంతది, సూటిగా వచ్చి నా ఎడమవైపు తగిలింది. నాకు సొట్ట పడింది, అబ్బులు తల పగలలేదు. గుడారం ఆసుపత్రిలో కళ్ళు తెరిచి ముందు తల తడుముకున్నాడు, తరవాత నన్ను తడిమాడు. ఎడమ చెవి కాస్త మందగించింది తప్ప మనిషి మనిషిలాగే లేచాడు. యుద్ధం అయిపోయి అందరూ సామాను అప్పగిస్తుంటే, అతను నన్ను దుప్పట్లో చుట్టి మూటలో దాచేశాడు. దొంగతనమే అనుకోండి. నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

ఊళ్ళో జనం మూగి, "ఎంతమందిని చంపావేంటి అబ్బులూ?" అని అడిగారు. "రోడ్లేశానండి" అన్నాడు. మూగినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మళ్ళీ ఎవరూ యుద్ధం సంగతి అతన్ని అడగలేదు. అతను పైడమ్మను పెళ్ళి చేసుకున్నాడు. యాభై ఒకటిలో కూతురు నూకరత్నం పుట్టింది. నేను కోళ్ళకు నీళ్ళు పెట్టే పాత్రనయ్యాను, గేదెకు తవుడు కలిపే పాత్రనయ్యాను. పండగ ముందు నాలోనే సున్నం నానబెట్టేవారు. నాకు అదేమీ నామోషీ అనిపించలేదు. పైడమ్మ నన్ను తోముతూ సొట్ట మీద వేలితో కొట్టి, "ఇది లేకపోతే నువ్వు లేవే పిల్లా" అనేది కూతురితో. అబ్బులు జుట్టంతా నెరిసి, పళ్ళూడి, చేపల కూరలో పులుపు చాలలేదని పెళ్ళాంతో పోట్లాడుకుంటూ చాలా ఏళ్ళు బతికాడు. ఒక మధ్యాహ్నం పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద ఒరిగాడు. మళ్ళీ లేవలేదు. నేను పుట్టి చేసిన ఘనకార్యం అదొక్కటే. ఒక మనిషిని ముసలివాడు కానిచ్చాను.

అందుకే కోదండపాణి మీద నాకింత కోపం.

ఈయన విశాఖపట్నంలో ఉంటాడు. పెద్ద వ్యాపారం, దానికంటే పెద్ద ఇల్లు. కొందరికి తపాలా బిళ్ళల పిచ్చి, ఈయనకు యుద్ధం టోపీల పిచ్చి. ఎవరో చెప్పగా విని కారేసుకుని మా ఊరు వచ్చాడు. నూకరత్నానికి అప్పటికే డెబ్భై దాటాయి. నన్ను కోళ్ళ దగ్గర చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అమ్మా, ఇది ఇక్కడ ఉండాల్సింది కాదు. నాకివ్వండి. అద్దాల బీరువాలో పెట్టి మీ నాన్నగారి కథ పదిమందికీ చెబుతాను" అన్నాడు. ఆవిడ వెలకట్టలేదు. "మా నాన్న పేరు చెప్పండి బాబూ. ఆయన ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఆయన్ని అడగలేదు. ఉన్నదున్నట్టు చెప్పండి, అంతే చాలు" అంది. "మాటిస్తున్నానమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు.

ఇంటికి తీసుకెళ్ళి బల్లమీద పెట్టి నన్ను అటూ ఇటూ తిప్పాడు. పెదవి విరిచాడు. బీరువాలో ఉన్న జర్మనీ టోపీకి గుండు దెబ్బ ఉందట, ఫ్రాన్సు టోపీకి కత్తి గాటు ఉందట. నాకు ఉత్త సొట్ట. స్నేహితులు వచ్చినప్పుడు నా దగ్గర ఎవరూ ఆగరని ఆయన బెంగ. ఒక ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, డ్రిల్లింగ్ మెషీన్ తెచ్చి, నా సొట్ట నడిమధ్యన పెట్టి చిల్లు పొడిచాడు. అంచులు ఆకురాయితో గరుకు చేసి, ఉప్పునీళ్ళూ నిమ్మరసమూ పూసి తుప్పు పట్టేదాకా ఎండలో పెట్టాడు. బర్మా కొండ చేయలేని పని చేసి, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడు.

ఆ తరవాత ప్రతివాడూ నా దగ్గరే ఆగాడు. "సిపాయి గుబ్బల అబ్బులు. నలభై నాలుగు. తూటా ఇటునుంచి దూసుకుపోయింది. అక్కడికక్కడే" అనేవాడు కోదండపాణి, గొంతు బొంగురు చేసుకుని. వచ్చినవాళ్ళు నాలుక చప్పరించేవారు. చిల్లులో వేలు పెట్టి ఫొటోలు దిగేవారు. ఆ తల పగలకూడదనే కదా నేను ఆ బండరాయి దెబ్బ తిన్నది. ఇప్పుడు వారానికి రెండుసార్లు అబ్బులును నా కళ్ళముందే చంపుతున్నాడు, వచ్చినవాళ్ళకు జీడిపప్పు పెట్టి మరీ చంపుతున్నాడు.

అబద్ధం అలవాటైతే మనిషికి లెక్క తప్పుతుంది. ఈయన టోపీలన్నీ ఒక పెద్ద హాల్లో ప్రదర్శనకు పెట్టి, దాంతోపాటు అమరవీరుడి కుటుంబానికి సన్మానం అని కూడా ప్రకటించాడు. సన్మానం లేకపోతే జనం రారు కదా. నూకరత్నానికి కారు పంపాడు. చెప్పిన అబద్ధానికి ఆవిడ వయసు అడ్డొస్తుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఆవిడ మాత్రం నాన్న పేరు పదిమందిలో వినబోతున్నానని మంచి చీర కట్టుకుని వచ్చింది.

వేదిక మీద ఆవిడకు కుర్చీ వేశారు. నన్ను బల్లమీద, చిల్లు జనంవైపు ఉండేలా పెట్టారు, ఆవిడకు కనపడలేదు. కోదండపాణి మైకు పట్టుకుని, నలభై నాలుగులో తూటా వచ్చిన వైనమూ, సిపాయి ఒరిగిపోయిన వైనమూ వర్ణించాడు. నూకరత్నం కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇంకెవరో కుర్రాడి సంగతి అనుకుంది పిచ్చితల్లి. "ఆ వీరుడే గుబ్బల అబ్బులు" అనగానే కొంగు వదిలేసింది. ఈలోపే శాలువా కప్పేశారు. చప్పట్లు మోగాయి.

ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చింది. నన్ను తిప్పింది. సొట్ట కోసం తడిమిన వేలు చిల్లులోంచి ఇవతలికి వచ్చింది. మైకు అడిగి తీసుకుంది.

"బాబూ, మా నాన్న నలభై నాలుగులో పోతే, యాభై ఒకటిలో నేనెవరికి పుట్టానండీ?"

కోదండపాణి మొహం కందగడ్డలా అయింది. నవ్వు చెదరనివ్వకుండా దగ్గరకొచ్చి, మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి, "కథ కోసం అలా చెప్పానమ్మా. బతికొచ్చినవాణ్ణి ఎవరు చూస్తారు? మీ నాన్నగారి గౌరవం కోసమే" అని గొణిగాడు.

ఆవిడ ఆ చెయ్యి తీసేసింది. "బతికొచ్చిన సిపాయిని ఎవరూ చూడరంటున్నాడండి ఈయన. మా నాన్న బతికే వచ్చాడండి. రోడ్లేశాడు, రాయి తగిలింది, ఇంటికొచ్చేశాడు. ముసలాడయ్యాకే పోయాడు. మీరు చూడరా?"

ముందు వరసలో పెద్దలు కాళ్ళవైపు చూసుకున్నారు. ఒకాయన ఫోను తీశాడు. అంత హాల్లో ఒక్కరూ "చూస్తామమ్మా" అనలేదు. కోదండపాణి కంటే ఆ నిశ్శబ్దం మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

నూకరత్నం భుజం మీది శాలువా తీసింది. మడత సరిచేసింది. కోదండపాణి భుజాల చుట్టూ నిదానంగా, పద్ధతిగా కప్పింది.

"మా నాన్నని చంపింది నువ్వే కదా బాబూ. ఇది నీకే చెందుద్ది" అంది.

నన్ను చేతిలోకి తీసుకుని మెట్లు దిగింది. ఆవిడ వేలు ఇంకా చిల్లులోనే ఉంది. మేము కుర్చీల నడుమ దారిలో సగం దూరం వెళ్ళామో లేదో, వెనక వరసల్లో కొందరు అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.