పుర్రచేతి ముడి

“రఘుపతి ఖల్లివల్లి. గురువారం రాత్రే ఉరికిండు. సంతకాలు పెట్టున్రి.”

ఫోర్‌మన్ సురేందర్ కాగితాన్ని పడవ అంచు మీద పరిచాడు. ఒమాన్‌లోని సీబ్ ఒడ్డున పన్నెండుమంది జాలర్లు నిలబడి ఉన్నారు. శుక్రవారం సెలవని అందరూ మబేలాలోని రూముకు పోయారు. రఘుపతి ఒక్కడే ఒడ్డున షెడ్డులో ఉండిపోయాడు. ఆ రోజంతా సముద్రం మీద పెద్దగాలి. శనివారం తెల్లారి వీళ్లు వచ్చేసరికి రఘుపతి లేడు. కంపెనీ విడిచి పారిపోయినవాణ్ని ఖల్లివల్లి అంటారు. వాణ్ని ఎవరూ వెతకరు.

పదకొండు సంతకాలు పడ్డాయి. మిగిలింది గంగన్న. రఘుపతి ఆయన చెల్లెలు లస్మవ్వ కొడుకు.

“పెట్టు కాకా. వచ్చే ఏడు సముద్రంలనే పంజరాలు కట్టి చేపలు పెంచుతరు. వల గుంజెటోళ్లతోని పనేముంది? మాట విన్నోళ్లకే అండ్ల డ్యూటీ. ముసలోనివి, సోచాయించుకో,” అన్నాడు సురేందర్.

ముప్పై ఏళ్లు వంజరం చేపల వెంట తిరిగిన గంగన్నకు వల తప్ప మరో పని తెలియదు. ఎక్కడో లోపల ఇబ్రి ఊరి తోటల్లో పని చూసుకుంటానని మేనల్లుడు ఒకసారి అన్న మాటా నిజమే. పోయే ఉంటాడు. ఎక్కడో బతికుంటే చాలు. పెన్ను అందుకుని వంగాడు. పడవలోని తడి వల చేతికి తగిలింది.

గురువారం చీకటి పడ్డాక రూముకు పోతూ, చిరిగిందని తానే షెడ్డులో పడేసిన వల అది. ఇప్పుడు చిరుగు లేదు. కొత్త ముడులను ఒక్కొక్కటే తడిమాడు. అన్నీ ఎదురు మెలికలు. రఘుపతిది పుర్రచెయ్యి, ఎడమచేతి వాటం. ముడి తిరగేసి వేస్తున్నావని ఎన్నిసార్లు తిట్టాడో.

“గీ వల ఎవలు బాగుజేసిండ్రు?”

“నేనే,” అన్నాడు సురేందర్.

“నీకు లుంగీ ముడే నిలువది, బిడ్డా.”

ఎవరో నవ్వారు. గంగన్న నవ్వలేదు.

“గురువారం ఉరికినోడు శుక్రవారం వల బాగుజేసిండా? ఎండిన వల తడిసిందెట్ల? గాలిల వాణ్ని తీస్కపోయినవ్. నీళ్లల్ల ఇడిసిపెట్టి వచ్చినవ్.”

సురేందర్ తల దించుకున్నాడు. “అల లేసింది కాకా. కంపెనీ గిట్ల రాయమన్నది.”

సంతకం పెట్టినవాళ్లలో ఒకడైన కడప జాలరి ఎహసాన్ కాగితం లాక్కుని చింపేశాడు. “మా సంతకాలతోనే వాన్ని పూడ్పిస్తివి గదరా! పూడ్చనీకైనా మనిషి దొరకల్ల. పదండప్పా, ఎతుకుదాం!”

“పడవలు కంపెనీవి! కదిలితే పోలీసులను పిలుస్త!”

“పిలువు,” అన్నాడు గంగన్న. “నిన్ననే పిలువాలె నువ్వు.”

వలలు ఇసుకలో పడ్డాయి. సంతకం పెట్టిన చేతులే పడవలను నీళ్లలోకి తోశాయి. రఘుపతి ప్రాణాలతో దొరుకుతాడని వాళ్లలో ఎవరికీ ఆశ లేదు.

పోలీసుల జీపు వచ్చేసరికి ఒడ్డున గంగన్న, సురేందర్ మాత్రమే ఉన్నారు. పడవలు ఎవరు పంపారని అడిగారు. నేనేనన్నాడు గంగన్న. ఎక్కమన్నారు. రఘుపతి ముడులేసిన వలను మాత్రం గంగన్న విడవలేదు, దానితోపాటే ఎక్కించారు.

కిటికీలోంచి చూశాడు. పక్క కంపెనీ జాలర్లు తమ పడవల్లోంచి వలలు తీసి ఇసుకలో పడేస్తున్నారు, వెతకడానికి పడవలను నీళ్లవైపు తిప్పుతున్నారు.