పరదేశి గారి పుస్తకంలో సంపూర్ణ

పటమటలో చీరల కొట్టు నడిపే చౌడేశ్వరికి హాస్యనటుడు పరదేశి అంటే చిన్నప్పటినుంచీ వల్లమాలిన అభిమానం. పదో తరగతి పరీక్షల ముందు కూడా అతని సినిమాకి వెళ్లి నాన్న చేత చీవాట్లు తిన్న మనిషి. ఇప్పటికీ బేరం తెగక విసుగు పుడితే, ఫోన్లో అతని సీను ఒకటి చూసుకుంటేగానీ ఆమెకు మనసు కుదుటపడదు. అలాంటి పరదేశి తన జీవితకథ రాశాడని తెలిస్తే ఊరుకుంటుందా? పుస్తకం బజార్లోకి వచ్చీ రాగానే తెప్పించుకుంది.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కొట్లోనే చదవడం మొదలుపెట్టింది. మొదటి సినిమాలో శవం వేషం వేసి, సరిగ్గా కెమెరా తిరిగే వేళకు తుమ్మిన సంగతి దగ్గర ఆమెకు నవ్వు ఆగలేదు. ఎదురుగా చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటున్న ఆవిడ చిన్నబుచ్చుకుని, "నాకు అంత బాగోలేదాండీ?" అంది. ఆవిడను సముదాయించి, పుస్తకంలో జరిగింది చెప్పి నవ్వించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అంత సంతోషంగా చదువుతున్న మనిషికి సగం పుస్తకం దాటాక ఏదో వెలితిగా అనిపించింది. సంపూర్ణ ఇంకా రాలేదు. సంపూర్ణ అంటే పరదేశికి సినిమాల్లో గయ్యాళి పెళ్లాం. ఆవిడ కనుబొమ ఎగరేస్తే ఇతను వణకాలి, అప్పుడే హాలు ఘొల్లుమనాలి. ఆ నవ్వుల్లో సగం ఆవిడవే. వచ్చే అధ్యాయంలో ఉంటుందిలే అనుకుంటూ పేజీలు తిప్పింది. చివరికి ఒకచోట కనపడింది. "ఆ రోజుల్లో నా పక్కన భార్యగా సంపూర్ణ మొదలైనవారు నటించారు." అంతే. తర్వాతి వాక్యంలో అతను కొన్న కారు సంగతి. మిగిలిన పేజీలు తిరగేసి చూసినా ఆ పేరు మళ్లీ కనపడలేదు, ఇక చదవబుద్ధి కాక పుస్తకం మూసేసింది.

"మొదలైనవారట," అంది మొగుడితో.

ఉమామహేశ్ చీరలు మడతపెడుతున్నాడు. "పేరు రాశాడుగా," అన్నాడు.

"మీకు తెలీదు, ఊరుకోండి."

ఆ వారంలోనే పరదేశి పాఠకులను కలవడానికి విజయవాడ వచ్చాడు. చౌడేశ్వరి కొట్టు మొగుడికి అప్పగించి వెళ్లింది. హాలు కిక్కిరిసి ఉంది. పరదేశికి జుట్టు నెరిసినా మనిషిలో ఆ చురుకుదనం పోలేదు. ప్రశ్నల వేళ మైకు చేతికి రాగానే చౌడేశ్వరి లేచి నిలబడింది.

"నమస్కారమండీ. పుస్తకం చాలా బాగుంది. కానీ సంపూర్ణ గారి గురించి అంత తక్కువ రాశారేంటండీ?"

పరదేశి తన మైకు దగ్గరకు లాక్కున్నాడు. "ఏం చెప్పనమ్మా. ఇంట్లో ఉన్న పెళ్లానికే రెండు పేజీలిచ్చాను. సినిమా పెళ్లానికి మూడిస్తే ఈ రాత్రికి నాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు, బిక్కమొహం వేసి.

హాలంతా పగలబడి నవ్వింది. చౌడేశ్వరి కూడా నవ్వేసింది. ఆ మొహం చూస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? ఈలోగా మైకు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయింది.

ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఒళ్లు మండిపోయింది. అతని మీద కంటే తన మీదే ఎక్కువ. అడగాల్సింది అడగనిచ్చాడా? తాను అడిగిందేమిటి, అతను చెప్పిందేమిటి? అంతా అయ్యాక పళ్లికిలించింది ఎవరు?

సంపూర్ణ పామర్రులో కూతురి దగ్గర ఉంటుందని ఒకసారి కొట్టుకొచ్చినావిడ చెప్పింది. ఆదివారం చౌడేశ్వరి పుస్తకం సంచిలో పెట్టుకుని బందరు బస్సెక్కింది. పామర్రులో దిగి అడిగితే ఇల్లు తేలిగ్గానే దొరికింది.

సంపూర్ణమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. పరిచయం చేసుకుని పుస్తకం సంగతి చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "నా గురించి ఏం రాశాడమ్మాయ్?"

చౌడేశ్వరి సంచిలోంచి పుస్తకం బయటికి తీసింది. దాచి ప్రయోజనం లేదని ఆ పేజీ తీసి ఇచ్చింది. సంపూర్ణమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"మొదలైనవాళ్లెవరమ్మా? నేనొక్కదాన్నేగా," అంది మెల్లగా.

చౌడేశ్వరి పుస్తకం వెనక్కి తీసుకుంది.

"ఆ విస్తరి సీను గురించి రాశాడా?" అంది సంపూర్ణమ్మ.

అది తెలియని వాళ్లుండరు. పరదేశి ముద్ద నోట్లో పెట్టుకోబోయినప్పుడల్లా పెళ్లాం ఒక్కమాట మాట్లాడకుండా విస్తరి ఇవతలికి లాగేస్తుంది. చౌడేశ్వరి ఆ పేజీలు చదివి వినిపించింది. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఆ ఊహ తట్టిందని, దర్శకుడు తనను కౌగిలించుకున్నాడని పరదేశి రాశాడు.

"అది నాదమ్మాయ్. మా అత్తగారు మా మామగారిని అట్టాగే సాధించేది. నేనే చెప్పా వాడికి," అంది సంపూర్ణమ్మ. తర్వాత ఉన్నట్టుండి ఆవిడ పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. "పళ్లు తోముకుంటుంటే వచ్చిందంటనా? వాడు పొద్దున పళ్లు తోముకుని షూటింగ్‌కొచ్చిందెప్పుడు?"

చౌడేశ్వరికి నవ్వు రాలేదు. "ఇదే మాట వీడియోలో చెప్పండమ్మా. నేను తీస్తాను. నలుగురికీ తెలియాలి."

"వద్దు."

"అన్యాయం కాదాండీ?"

"అన్యాయమే. కానీ రేపు మైకులు పట్టుకుని జనం గుమ్మంలోకొస్తారు. వాళ్లకి నా గోడు అక్కర్లేదు, కనుబొమ ఎగరేసి చూపించమంటారు. నాకంత ఓపిక లేదు."

చౌడేశ్వరి బతిమాలింది, కోప్పడినంత పనీ చేసింది. సంపూర్ణమ్మ వినలేదు. పైగా కాఫీ ఇప్పించి, శవం తుమ్మిన అధ్యాయం చదివించుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "బాగా రాశాడు వెధవ," అంది. చౌడేశ్వరి లేవబోతుంటే పుస్తకం మీద చెయ్యి వేసి, "ఇది నా దగ్గర ఉంచెళ్లమ్మా, మా అమ్మాయి చేత చదివించుకుంటాను," అంది.

కాదనడానికి నోరెట్లా వస్తుంది? ఇచ్చేసింది.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. ఉయ్యూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. సంపూర్ణమ్మ అతన్ని తిట్టనివ్వలేదు, తన తరఫున గొంతెత్తనివ్వలేదు. ఇక ఈ కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు అర్థం కాలేదు. సీటు దొరికాక మొగుడికి ఫోన్ చేసింది.

"ఏవండీ, సాయంత్రం వచ్చేటప్పుడు పరదేశి పుస్తకం ఇంకోటి కొనుక్కురండి."

"వారం నుంచి ఆయన్ని తిట్టిపోస్తున్నావుగా, మళ్లీ ఎందుకు?"

"నాకింకా మూడు అధ్యాయాలు మిగిలున్నాయి," అని ఫోన్ పెట్టేసింది.