చామంతి లైట్ల కింద ఫొటో

కడియంలో చామంతి మొక్కలు తొందరపడి మొగ్గ తొడగకుండా, చీకటి పడగానే నర్సరీ మళ్ల మీద బల్బులు వేస్తారు. ఆ వెలుతురులోనే హెలెన్ ఫొటోలు తీస్తుంది. పగలు మొక్కలకి నీళ్లు పెట్టే పని. సాయంత్రమైతే సంతలో చవగ్గా కొన్న పాత రీలు కెమెరా తీస్తుంది. స్టాండ్ లేదు కాబట్టి దాన్ని మట్టి సంచి మీద పెట్టి, మీట నొక్కి పట్టుకుని, మనసులో పరలోక ప్రార్థన చెప్పుకుంటుంది. ఆమేన్ అన్నాకే వదులుతుంది.

అంతసేపు నిలబడితే, మనిషి మనసు ఎక్కడుంటే ఫొటోలో అక్కడ పడతాడు. మడి మధ్యలో నిలబెట్టిన నర్సరీ ఓనరు పెద్దిరాజు గారు అవతల టీ బడ్డీ దగ్గర తేలారు. ఇందులో వింతేముంది అంటారు ఊళ్లోవాళ్లు. పైగా పెళ్లి ఖాయం చేసే ప్రధానానికి ముందు పిల్లనీ పిల్లాడినీ పక్కపక్కన నిలబెట్టి ఒక ఫొటో తీయించడం ఆనవాయితీ అయిపోయింది.

ఆ సాయంత్రం నిలబడ్డవాడు విజయ్ పాల్. అదే నర్సరీలో మొక్కలకి అంట్లు కడతాడు. హెలెన్‌కి అతనంటే ప్రాణం. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, అతనికైతే అసలే చెప్పలేదు. పక్కన పెళ్లికూతురు రెబెక్కా, ధవళేశ్వరంలో టీచరు. ఏం చేస్తుంది పాపం, హెలెన్ నవ్వుమొహం పెట్టుకుని మీట నొక్కింది. ప్రార్థన మధ్యలో మాటలు మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చింది.

మర్నాడు లైట్లు వేసే వేళకి అందరూ చేరారు. ఫొటోలో రెబెక్కా మడి దాటి, రోడ్డు మీద బస్సు ఆగే చోట ఉంది. విజయ్ పాల్ ఎక్కడా లేడు.

"నా తప్పేనండి. ప్రార్థన మధ్యలో తప్పాను. మళ్లీ తీస్తాను," అంది హెలెన్.

విజయ్ పాల్ తల్లి ఏసమ్మ ఫొటోని బల్బు కింద పెట్టి చూసింది. తర్వాత కొడుకుని చూసింది. వాడు నేలచూపులు చూస్తున్నాడు.

"తప్పు నీది కాదమ్మా. కెమెరా ముందు ఎక్కడా లేడంటే, వెనకాల ఉన్నాడన్నమాట. వెనకాల ఉన్నది నువ్వే కదా?"

రెబెక్కా పకపకా నవ్వేసింది. "హమ్మయ్య! నాకూ ఇష్టం లేదండి. మా నాన్నగారికి చెప్పలేక వచ్చాను."

"ఆ కెమెరా ఇటియ్యి," అంది ఏసమ్మ హెలెన్‌తో. "వెళ్లి వాడి పక్కన నుంచో."

"మీకు తియ్యడం రాదండి."

"మీట నొక్కడం, ప్రార్థన చెయ్యడమే కదా? రెండోది నీకన్నా నాకే బాగా వచ్చు."

ఏసమ్మ కళ్లు మూసుకుంది. ఊరందరి క్షేమం అడిగేదాకా మీట వదల్లేదు. అంతసేపు కదలకుండా నిలబడడం హెలెన్ వల్ల కాలేదు. విజయ్ పాల్ వల్ల అసలే కాలేదు. ఫొటోలో మాత్రం ఇద్దరూ నిలబడ్డ చోటే ఉన్నారు. కాకపోతే ఎవరి భుజం ఎక్కడ మొదలైందో తెలియలేదు.