ఫిష్ ట్యాంకు కోసం కట్టిన తడి దుప్పట్లు

మా ఆయన ఎరిక్‌కు పాత సామాను పిచ్చి. మా ఇంట్లో కూలర్ పాతది, ఇన్వర్టర్ పాతది, చివరికి గ్యాసు పొయ్యి కూడా ఎవరో వాడి వదిలేసిందే. అందుకే ఆ రోజు చోటా హాతీ బండి మా గుమ్మం ముందు ఆగి, అందులోంచి ఆయనా డ్రైవరూ కలిసి ఒక పెద్ద గాజు ఫిష్ ట్యాంకును దింపుతుంటే నేను ఆశ్చర్యపోలేదు. ఒళ్లు మండింది, అంతే.

"తోరణగల్లు టౌన్‌షిప్‌లో ఒక సార్‌కు ట్రాన్స్‌ఫర్ అయ్యిందంట. ఊరికే ఇచ్చినట్టే ఇచ్చినాడు. ఒక్క చుక్క కారదు అన్న్యాడు," అన్నాడు, ఏదో సింహాసనం గెలుచుకొచ్చినట్టు. "పాపకోసమే తబితా. బయటికి పంపొద్దు అన్న్యాడు గదా డాక్టరు. ఈడ్నే కూచోని చేపలు చూసుకుంటాది."

డాక్టరు ఆ మాట అననే లేదు. బళ్లారిలో ఆయన మా గ్లోరియా వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "ఈ పిల్లను దుమ్ముకు దూరంగా ఉంచండి" అన్నాడు. మా ఆయన చెవిలో పడేసరికి అది "బయటికి పంపొద్దు" అయింది. దుమ్ము అనే మాట ఆయన చెవిలోకి దూరదు. నోట్లోంచి రాదు.

కారణం ఉంది. మాది సండూరులో లారీల రోడ్డు పక్కనే ఉన్న ఇల్లు. గనుల నుంచి ఇనుప రాయి మోసుకెళ్లే టిప్పర్లు పొద్దు పొడవకముందే మొదలవుతాయి, పొద్దు గూకినా ఆగవు. ఆ టిప్పర్ల కాంట్రాక్టరు హంపన్న. మా ఆయన హంపన్న దగ్గర సూపర్‌వైజరు. మేముండే ఇల్లు కూడా హంపన్నదే, ఉద్యోగంతో పాటు ఇచ్చాడు. ఉదయం తుడిచిన టీవీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. తెల్ల జాకెట్ గుడ్డ తెచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తాను, ఎర్రబడి వస్తే నన్ను అడగొద్దని.

గుడ్డకైతే అలా చెప్పొచ్చు. బిడ్డకు ఏం చెప్పను? గ్లోరియాకు ఎనిమిదేళ్లు. నవ్వితే దగ్గు, పరుగెత్తితే ఆయాసం, ఛాతీలో ఎప్పుడూ సన్నగా ఈల. పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతుంది. మా ఆయన రోజూ ఉదయం ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. కళ్లు మూసుకుంటాడు గానీ కిటికీ మూయడు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది పోయిన నెల జరిగింది. మా వీధివాళ్లు అర్జీ పెడితే తాలూకా ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు సాహేబు వచ్చాడు. అందరూ రోడ్డు మీదే గుమిగూడారు. పక్కింటి ఉచ్చెంగమ్మ నోరున్న మనిషి. "దుమ్ము తిని బతుకుతాండాం సార్. అనుమానముంటే తబితక్క కూతుర్ని చూడండి, ఎట్ల ఎగరొప్పుతాండాదో" అని మా పిల్లనే చూపించింది. సాహేబు మా ఆయన వైపు తిరిగాడు. పక్కనే హంపన్న నిలబడి ఉన్నాడు.

"అది దుమ్ముతో వచ్చింది గాదు సార్," అన్నాడు మా ఆయన. "మా ఇంటామె తరపోళ్లకు ఉండాది. రక్తంలో వచ్చింది."

మా తరపు! మా అమ్మ డెబ్బై దాటి కూడా చోరనూరు చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. మా నాన్న చివరి దాకా వడ్ల మూట భుజానేసుకుని నడిచాడు. మా వంశంలో ఆయాసమనే మాటే లేదు. అంతమందిలో, కన్న బిడ్డ జబ్బును నా పుట్టింటి నెత్తిన రుద్ది, హంపన్న ముఖం చూస్తూ నిలబడ్డాడు నా మొగుడు. కంచే చేను మేసిందంటే ఇదే గదా.

ఇంటికొచ్చాక నిలదీస్తే ఒకటే మాట. "ఏనూ ఆగల్ల." ఏదైనా ఏమీ కాదని తేల్చేయాలంటే మా ఆయనకు కన్నడం వస్తుంది. సాహేబు శనివారం మళ్లీ వస్తాడని, వచ్చి చివరి రిపోర్టు రాస్తాడని తర్వాత తెలిసింది. నేను పట్టుబట్టాను. ఆ మాట ఎక్కడ అన్నాడో అక్కడే వెనక్కి తీసుకోవాలి. బిడ్డను ఈ రోడ్డు మీద నుంచి తీసుకుపోవాలి. చోరనూరులో మా అమ్మ ఇంటి పక్కన ఇల్లు ఖాళీగానే ఉంది. ఇంత మొత్తుకుంటే నాకు దొరికిన జవాబు ఈ ఫిష్ ట్యాంకు.

నీళ్లు పోసిన కాసేపటికే ఆ సార్ నిజాయితీ బయటపడింది. ఒక్క చుక్క కారలేదు, నిజమే. ధారే కారింది. కింద పెట్టుకున్న నా కత్తిరింపు గుడ్డలన్నీ తడిసిపోయాయి. గ్లోరియా చప్పట్లు కొట్టి నవ్వింది, నవ్వు దగ్గయింది, ఆ రోజుకు ఆట ముగిసింది.

అక్కడి నుంచి మొదలైంది మా ఆయన రిపేరు. బజారుకెళ్లి సిలికాన్ ట్యూబు, దాన్ని నొక్కే గన్ను, బ్లేడ్లు తెచ్చాడు. వరండాలో ట్యాంకును పడుకోబెట్టి, పాత అతుకు మీదే కొత్త సిలికాన్ పూసి రెండు రోజులు ఆరబెట్టాడు. మళ్లీ కారింది. అంగడివాణ్ని అడిగితే పాతది మొత్తం గీకేయాలన్నాడట. వంచిన నడుము ఎత్తకుండా మూలమూలా గీకాడు. స్పిరిట్‌తో తుడిచాడు. అంచులకు టేపు అంటించి, సిలికాన్ పెట్టి, తడి వేలితో నున్నగా దిద్దాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉడికిపోయాను. బిడ్డకు ఆవిరి మందు పెట్టమంటే ఆ మిషన్ స్విచ్ ఎక్కడుందో తెలియని మనిషి ఈయనే. ఈ చేతులకు ఇంత ఓపిక ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

మళ్లీ కారింది.

అప్పుడు ఆయన ఆ అతుకును బ్లేడుతో అంచు పట్టి లాగాడు. సిలికాన్ రబ్బరు పట్టీలా మొత్తం ఊడొచ్చింది. వెలుతురుకు పట్టుకుని తిప్పి చూశాడు. గాజును అంటుకోవాల్సిన వైపు పొడుగునా సన్నటి ఎర్ర చార.

"దుమ్ము," అన్నాడు. "నేను తుడిచి సిలికాన్ పెట్టే లోపలే కూచుంటాండాది. ఈ దుమ్ములో ఏదీ పట్టదు తబితా."

అప్పుడు లేచింది చూడండి నా నోరు!

"ఏమంటివప్పా? ఇంకోసారి చెప్పు! దుమ్మా? ఆ సాహేబు ముందర ఈ మాట యాడికి పోయింది? తుడిచి పూసేలోపల గాజు మీద ఇంత కూచుంటే, ఎనిమిదేండ్లు ఈడ్నే ఊపిరి పీల్చిన బిడ్డ లోపల ఎంత కూచుంటాది? అది మాత్రం మా అమ్మ రక్తమా?"

"అరవద్దు. గాజు వేరే, మనిషి వేరే," అన్నాడు తల ఎత్తకుండా.

"అవునప్పా, వేరే! గాజుకు నువ్వుండావు. బిడ్డకెవరుండారు?"

ఆయన ట్యాంకును ఎత్తుకుని లోపలి గదిలో పెట్టాడు. ఆ గదిని కడిగి తుడిచాడు. కిటికీకి, తలుపుకు రెండు పెద్ద దుప్పట్లు తడిపి కట్టాడు. తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి కుక్కాడు. మళ్లీ గీకి, తుడిచి, సిలికాన్ పెట్టి బయటికొచ్చి, "శనివారం దాకా ఎవరూ లోపలికి పోవద్దండి. దుప్పట్లు ఆరితే బయట్నుంచే నీళ్లు చల్లు" అని నాకు పని కూడా అప్పజెప్పాడు.

అంటే చేతనవుతుందన్నమాట. దుమ్మును ఆపడం ఈ మనిషికి తెలుసు. రెండు దుప్పట్లు, ఒక తువ్వాలు, ఒక పూట పని. ఎనిమిదేళ్లలో ఒక్క రోజు బిడ్డకోసం ఆ పని చేయలేదు. ఒప్పుకున్నట్టవుతుందని నోరు మూసుకున్నాడు, చేతులు కూడా కట్టేసుకున్నాడు. కోపంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

శుక్రవారం మా ఆయన డ్యూటీకి వెళ్లాక రోడ్డు మీద టిప్పర్లు బారులు తీరాయి. గ్లోరియాకు ఆయాసం ఎక్కువైంది. ఆవిరి మందు పెట్టినా పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. "మా, పడుకోవాల మా" అంటుంది, పడుకుంటే లేచి కూర్చుంటుంది. నేను ఆ మూసిన తలుపు వైపు చూశాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి గదిలో ఒక కారే గాజు పెట్టె హాయిగా ఆరుతోంది.

ఉచ్చెంగమ్మను కేకేశాను. "ఒక చెయ్యి పట్టు అక్కా. దీన్ని బయట పారేయాల."

"మీ ఆయన ఏమంటాడో!"

"అననీ. నేను గూడ శానా అనేది ఉండాది."

ఇద్దరం కలిసి ట్యాంకును మోసుకొచ్చి వాకిట్లో రోడ్డుకెదురుగా పెట్టాం. గదిలో సిలికాన్ పుల్లటి వాసన పోయేదాకా ఫ్యాను తిప్పి, నేల మళ్లీ తడిగుడ్డతో తుడిచి, దుప్పట్ల మీద నీళ్లు చల్లి, అప్పుడు బిడ్డను తీసుకెళ్లి పడుకోబెట్టాను. కాసేపు దగ్గింది. దగ్గు తగ్గింది. మధ్యాహ్నానికి దిండు పక్కకు నెట్టేసి, వెల్లకిలా, చేతులు రెండూ బార్లా చాపి నిద్రపోయింది. నా బిడ్డ అలా పడుకోగా చూసి ఎంత కాలమైందో. ఉచ్చెంగమ్మ గుమ్మంలో నిలబడి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నీళ్లు, నీళ్లలో నారింజ రంగు చేపలు. వాకిట్లో ట్యాంకును చూసి ఆగిపోయాడు. ఆరని సిలికాన్ మీద దుమ్ము మందంగా అంటుకుని, అతుకులన్నీ ఇటుక రంగుకు తిరిగాయి.

"ఏం పని చేస్తివే!" అని అరుస్తూ లోపలికొచ్చాడు. "రేపటికి ఆరిపోతాండె గదా! ఎంత కష్టపడితి దానికి!"

గది తలుపు తీసి చూపించాను.

ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. కవరులో చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. గదిలో ఈల లేదు. ఉత్త ఊపిరి.

"దుప్పటి ఆరిపోయింది," అన్నాను. "తడిపి కట్టు. నీకు బాగా చేతనయిన పని గదా."

కవరు నా చేతికిచ్చి, కిటికీ దుప్పటి విప్పి స్నానాల గదిలోకి తీసుకెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. తెల్ల ప్లాస్టిక్ బకెట్లో ముంచి పిండాడు. నీళ్లు ఎర్రగా దిగాయి. ఆ నీళ్లు పారబోసి మళ్లీ పట్టి, మళ్లీ పిండాడు. మళ్లీ ఎర్రనీళ్లే.

"అది ఒక్క కిటికీది," అన్నాను.

ఆయన బకెట్లోకి చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. హంపన్న. అతని గొంతు ఫోనులో కూడా వీధికంతా వినిపిస్తుంది.

"నాళె సాహేబ్రు బర్తారె కణో ఎరిక్," అంటున్నాడు హంపన్న. రేపే సాహేబు వస్తున్నాడట. "పోయిన తూరి చెప్పిందే చెప్పు. అంతే చాలు."

"వస్తానన్నా," అన్నాడు మా ఆయన. ఆగాడు. తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అయితే పోయిన తూరి చెప్పింది అబద్ధమన్నా. మా పాపకు దుమ్ముతోనే వచ్చింది. ఆ మాటే చెప్తా."

హంపన్న మెల్లగా, ఇల్లు ఎవరిదో గుర్తుందా అని అడిగాడు.

"ఉండాదన్నా. ఖాళీ చేస్తాం," అని మా ఆయన ఫోను పెట్టేశాడు. పెట్టేసి నా ముఖంలోకి చూశాడు, నేను ఏదైనా మంచి మాట అంటానని.

నేను అనలేదు. నా కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. బిడ్డ ఎనిమిదేళ్లు దగ్గితే రాని మాట, ఒక పాత గాజు పెట్టె కారితే వచ్చింది. అది నేను ఏ చర్చిలో మోకరించి మర్చిపోను?

చేపలను మాత్రం అన్నం గిన్నెలో మంచినీళ్లు పోసి వదిలాను. వాటి తప్పేముంది.

"ఇంకోసారి పిండు," అన్నాను మా ఆయనతో. "ఇంకా ఎర్రగానే ఉండాయి నీళ్లు."